టబ్బుల్లో మట్టి గడ్డకట్టింది, అంతా పారబోయాలా?

పేరు వేయవద్దంటూ హన్మకొండ నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. మూడేళ్ళ కింద ఇల్లు కట్టుకున్నారు. ఇంటి వెనక పదడుగుల వెడల్పు, ఇరవై అడుగుల పొడవు ఖాళీ జాగా ఉంది. డాబా మీద నలభై టబ్బులు పెట్టి కూరగాయలు వేస్తున్నారు. మామగారు పోయాక ఊళ్ళోని రెండెకరాల చెల్కను కౌలుకిచ్చి అత్తమ్మ వీళ్ళ దగ్గరికి వచ్చారు. పొద్దున లేచింది మొదలు ఆమె ధ్యాసంతా ఈ మొక్కల మీదే.

మొదటి ఏడాది ఎర్రమట్టి, కొబ్బరి పొట్టు, వర్మీ కంపోస్టు కలిపి నింపారు. వంగ, టమాటా, బెండ ఇంటికి సరిపోను కాశాయి. ఏడాది తిరిగేసరికి మట్టి కుంగి టబ్బులు సగం ఖాళీ అయ్యాయి. అత్తమ్మ ఊరి నుంచి ట్రాలీలో చెరువు మట్టి తెప్పించి అన్నిటినీ అంచుల దాకా నింపించారు. దగ్గర్లోని బర్ల కొట్టం నుంచి పచ్చి పేడ తెచ్చి వారం వారం మొదళ్ళలో వేస్తున్నారు. ఆకులు పసుపెక్కుతున్నాయని భర్త టబ్బుకు పిడికెడు చొప్పున డీఏపీ ఎరువు వేశారు. ఈమె వీడియోలు చూసి గుడ్డు పెంకులు, అరటి తొక్కల నీళ్ళు, కట్టెల బూడిద, ఎప్సమ్ సాల్టు ఒకదాని తర్వాత ఒకటి వేస్తూ వచ్చారు.

ఇప్పుడు టబ్బుల్లో నీళ్ళు పోస్తే పైన నిలబడి, కాసేపటికి అంచుల వెంట జారి అడుగు నుంచి పోతున్నాయి. నడిమధ్యలో తవ్వి చూస్తే పొడిగా ఉంటోంది. మట్టి పగుళ్ళిచ్చింది, అంచులకు తెల్లటి పెచ్చు కట్టింది. లేత ఆకులు పసుపురంగుకు తిరిగాయి, ఈనెలు మాత్రం పచ్చగానే ఉన్నాయి. ఏడెనిమిది టబ్బుల్లో బెండ, టమాటా పీకితే వేళ్ళ నిండా గడ్డలు కనిపించాయి. కొన్నిటిలో ముడుచుకుని పడుకున్న తెల్లటి లావు పురుగులు. కింద పెరట్లో జానెడు లోతు తవ్వితే ఇటుక ముక్కలు, సిమెంటు పెళ్ళలే వస్తున్నాయి. అక్కడ తోటకూర తప్ప ఏదీ నిలవలేదు.

మట్టంతా పారబోసి, మట్టి లేని తేలిక మిశ్రమం నింపిద్దామని భర్త అంటున్నారు. నర్సరీవాళ్ళు 28 వేలు చెప్పారట. స్లాబు మీద బరువు ఎక్కువైందన్న భయం కూడా ఆయనకుంది. అత్తమ్మ మాట వేరు: "పెంట ఎయ్యకుంటె చెట్టు ఎట్ల బతుకుతది? పుట్టి బుద్ధెరిగినకాడికెళ్ళి ఎవుసం చేసిన, నాకు చెప్తరా?" ఈ ఇద్దరి మధ్య నలిగి, డాబా మెట్లు ఎక్కబుద్ధి కావడం లేదని రాశారు. మట్టి మార్చాలా, ఉన్నదాన్ని బాగుచేసుకునే దారి ఉందా, అత్తమ్మ మనసు నొప్పించకుండా ఎలా చెప్పాలి అన్నవి ఆమె ప్రశ్నలు.

అమ్మా,

ఆకు పసుపెక్కగానే మొక్కకు బలం చాలలేదని మీ ఇంట్లో ముగ్గురూ అనుకున్నారు. ఒకరు పేడ, ఒకరు డీఏపీ, మీరు అరటి తొక్కల నీళ్ళు. ఎవరికి తోచిన తిండి వాళ్ళు పెట్టారు. కానీ మీరు రాసిన గుర్తుల్లో తిండి లేమి నాకెక్కడా కనిపించలేదు. నత్రజని తక్కువైతే ముందు కింది ముదురాకులు పసుపెక్కుతాయి, ఈనెలతో సహా. మీవి లేత ఆకులు, పైగా ఈనెలు పచ్చగా ఉన్నాయి. అది ఇనుము అందడం లేదన్న గుర్తు. ఇనుము మట్టిలో లేక కాదు. వేళ్ళకు ఊపిరాడకపోయినా, మట్టిలో సున్నం గుణం పెరిగినా, భాస్వరం మోతాదు మించినా ఉన్న ఇనుమును మొక్క తీసుకోలేదు. మీ టబ్బుల్లో ఈ మూడూ ఒకేసారి జరిగాయి.

మొదట ఊపిరి సంగతి. చెరువు మట్టి దగ్గరే అసలు మెలిక ఉంది. అత్తమ్మ చేసింది తెలివితక్కువ పని కాదని ముందు మీకు తెలియాలి. చెల్క నేలలో ఇసుక పాలు ఎక్కువ, నీళ్ళు నిలవవు. అందులోకి చెరువు పూడిక తోలితే ఆ మెత్తటి ఒండ్రు తేమను పట్టి ఉంచుతుంది, పంటకు బలమూ ఇస్తుంది. తరతరాలుగా మన రైతులు చేస్తున్న పని అది. 2015లో చెరువులు బాగుచేసే మిషన్ కాకతీయ పథకం మొదలైనప్పుడు చెరువుల్లో తీసిన పూడికను రైతులు ట్రాక్టర్లతో పొలాలకు తోలుకున్నది కూడా అందుకే. ఆమె రెండెకరాల్లో ఆ మట్టి పనిచేసింది. ఆమె కళ్ళతో చూసిన నిజం అది.

టబ్బు మాత్రం పొలం కాదు. పొలంలో నీళ్ళు పెడితే కింది నేల వాటిని లోపలికి లాక్కుంటుంది. టబ్బు అడుగు కింద లాక్కోవడానికి ఏమీ లేదు. నీళ్ళు ఎంత కారిపోయినా అడుగున కొన్ని అంగుళాల మందం మట్టి నానే ఉంటుంది. మట్టి రేణువులు ఎంత సన్నగా ఉంటే ఆ తడి పొర అంత ఎత్తుకు లేస్తుంది. చెరువు ఒండ్రు రేణువులు మహా సన్నం. అవి ఎర్రమట్టి సందుల్లోకి దూరి గాలి తిరిగే చోటంతా మూసేశాయి. పొలంలో ఆ సందులను మళ్ళీ తెరవడానికి నాగలి ఉంది, వానపాములు, లోతుకు పోయే వేళ్ళు ఉన్నాయి. ఇక్కడ రోజూ మగ్గుతో నీళ్ళు కొట్టడం, ఎండకు బిగుసుకోవడం తప్ప మరొకటి లేదు. బిగిసిన మట్టి అంచుల దగ్గర టబ్బును వదిలేసింది. నీళ్ళు ఆ సందులోంచి జారిపోతున్నాయి. అందుకే అడుగు బురద, నడుమ పొడి.

నీళ్ళు బాగా పోతాయని అడుగున కంకర పరిచే అలవాటు చాలామందికి ఉంది. మీరూ పరిచారేమో తెలియదు. దానివల్ల తడి పొర పోదు, కంకర ఎంత ఎత్తుంటే అంత పైకి జరిగి వేళ్ళకు మరింత దగ్గరవుతుంది. రంధ్రం మీద మట్టి జారకుండా ఒక కుండ పెంకు చాలు.

ఇక డీఏపీ. మీవారికి ఈ లెక్క చూపించండి, కాగితం మీద ఆయనే వేసుకోవచ్చు. ఎకరానికి 50 కిలోల బస్తా ఒకటి వేస్తే, ఒకటిన్నర అడుగు పొడవు వెడల్పున్న టబ్బుకు వచ్చే వాటా రెండున్నర గ్రాములు. పిడికెడంటే సుమారు 40 గ్రాములు. అంటే ఒక్కసారికే ఎకరానికి 15 బస్తాలు కుమ్మరించినట్టు. డీఏపీలో 46 శాతం భాస్వరం ఉంటుంది. అది నీటితో తొందరగా కొట్టుకుపోదు, మట్టిలోనే కూర్చుని ఇనుమును, జింకును మొక్కకు అందకుండా చేస్తుంది. అంచుల మీది తెల్లటి పెచ్చు కూడా లవణాలు పేరుకున్న గుర్తే. బోరు నీళ్ళు పోస్తుంటే వాటి పాలు కూడా అందులో ఉంటుంది.

కట్టెల బూడిద సున్నం గుణాన్ని పెంచుతుంది కాబట్టి దాన్ని ఇక ముట్టుకోకండి. గుడ్డు పెంకులు అలాంటి మట్టిలో ఏళ్ళ తరబడి పెంకులుగానే ఉంటాయి, హాని లేదు, లాభమూ లేదు. ఎప్సమ్ సాల్టు మెగ్నీషియం తక్కువైన మట్టికే పనికొస్తుంది. ఊరికే వేస్తే మొక్కకు కాల్షియం అందకుండా అడ్డుపడుతుంది. అరటి తొక్కలను కంపోస్టులో పడేయండి.

పచ్చి పేడ ఒకచోట కుప్పబడితే వేడెక్కుతుంది, అమ్మోనియా పుట్టి లేత వేళ్ళను కాలుస్తుంది. మీరు చూసిన తెల్లటి లావు పురుగు వేరు పురుగు. పెంకు పురుగులు పచ్చి పేడ వాసనకు వచ్చి గుడ్లు పెడతాయి. కనిపించినవాటిని చేత్తో ఏరేయండి. పేడ మక్కాక ఈ బాధలు చాలావరకు తగ్గుతాయి.

వేళ్ళ గడ్డల విషయంలోనే మీరు ఎక్కువ జాగ్రత్త పడాలి. చిక్కుడు, బొబ్బర్ల వేళ్ళకు కూడా బుడిపెలు ఉంటాయి. అవి మంచివి, గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు అందిస్తాయి. గోటితో గీకితే ఊడి వస్తాయి, చీలిస్తే లోపల గులాబి రంగు. బెండ, టమాటా వేళ్ళకు అలాంటివి రావు. వేరు తనే ఉబ్బి గడ్డ కట్టిందంటే అది వేళ్ళలో చేరిన నులిపురుగుల పని. కంటికి కనిపించవు. మట్టితో, నీళ్ళతో, ఒక టబ్బులో గుచ్చి ఇంకో టబ్బులో గుచ్చిన కుర్పీతో పాకిపోతాయి. ఆ ఎనిమిది టబ్బులకు ఈరోజే సుద్దతో గుర్తు పెట్టండి. వాటికి వాడే పనిముట్లు వేరుగా ఉంచండి.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం.

మీవారు చెప్పినట్టు మొత్తం మార్చడం ఒకటి. దాన్ని కొట్టిపారేయను. బరువు సగానికి పైగా తగ్గుతుంది, నులిపురుగుల బెడద అప్పటికి తీరుతుంది, వేళ్ళకు గాలి అందుతుంది. కానీ మట్టి లేని మిశ్రమంలో పోషకాలను పట్టి ఉంచే శక్తి తక్కువ. వారం పది రోజులకోసారి ద్రవ ఎరువు ఇస్తూనే ఉండాలి, మానేస్తే మొక్క నీరసిస్తుంది. మీ వైపు మే నెల ఎండకు పొద్దున, సాయంత్రం నీళ్ళు తప్పవు. కొబ్బరి పొట్టు, కంపోస్టు చివికిపోయేవే కాబట్టి ఏడాది తిరిగేసరికి ఇవీ కుంగుతాయి, మొదటి ఏడాది మీకు జరిగినట్టే. 28 వేలు పెట్టినా పైనింపు ఖర్చు మళ్ళీ వస్తుంది. ఇంకొకటి, పారబోసే మట్టి ఎక్కడికి పోతుంది? గడ్డలున్న టబ్బుల మట్టి పెరట్లో పోస్తే నులిపురుగును నేలకు ఎక్కించినట్టే. నేలలో చేరిందాన్ని వదిలించుకోవడం చాలా కష్టం.

ఏమీ తీయకుండా పైపైన గుల్లచేసి, ఎరువు తగ్గించి చూడటం రెండో దారి. ఖర్చు లేదు, గొడవ లేదు. పాలకూర, తోటకూర లాంటి పైవేళ్ళ ఆకుకూరలు కొంత కోలుకోవచ్చు. వంగ, టమాటాకు అది చాలదు. అడుగున బురద ఉన్నంతకాలం వాటి వేళ్ళు కుళ్ళుతూనే ఉంటాయి. వచ్చే వానాకాలం నాటికి మళ్ళీ ఇదే ఉత్తరం రాయాల్సి వస్తుందని నా భయం.

మూడోది, ఉన్న మట్టిని విడగొట్టి దేని చోటుకి దాన్ని చేర్చడం. శ్రమ ఎక్కువ, ఒక ఎండాకాలం పడుతుంది. ఇంట్లో నలుగురు చేయి వేయాలి. మీరు అడిగితే నేను దీనివైపే మొగ్గుతాను. ఎందుకంటే మీ డాబా మీద అక్కరలేనిదే మీ పెరటికి కావలసింది.

గడ్డలు లేని ముప్పై రెండు టబ్బుల్లోంచి మట్టి తీసి, పెళ్ళలు చిదిపి ఆరబెట్టండి. పైన తెల్లగా పెచ్చుకట్టిన అంగుళం మందాన్ని మాత్రం పక్కకు తీసేయండి. ఆ మట్టిలో మూడోవంతే మళ్ళీ టబ్బుల్లోకి వెళ్ళాలి. ఇంకో మూడోవంతు వర్మీ కంపోస్టు గానీ బాగా మక్కిన పెంట గానీ. మిగిలిన మూడోవంతు గుల్లచేసే సరుకు. కొబ్బరి పొట్టే కావాలని లేదు. వరంగల్ చుట్టూ రైసు మిల్లులకు కొదవ లేదు, వరి ఊక దొరుకుతుంది. సగం కాలి నల్లగా ఉన్న ఊక ఇంకా మంచిది. తెల్లబూడిద అయ్యేదాకా కాలింది తీసుకోకండి, అదీ సున్నం గుణాన్నే పెంచుతుంది. ఊక తొందరగా చివకదు కాబట్టి మిశ్రమం అంత త్వరగా కుంగదు. కొబ్బరి పొట్టు కూడా కలుపుతానంటే 5 కిలోల దిమ్మె నానితే 70 లీటర్ల పైచిలుకు అవుతుంది. రాత్రంతా నానబెట్టి, రెండు మూడు నీళ్ళు మార్చి పిండి వాడండి, అందులో ఉప్పు ఉంటుంది. టబ్బుకో గుప్పెడు వేపపిండి కలపండి. నింపాక అడుగు నుంచి ధారగా కారేదాకా ఒకటి రెండుసార్లు నీళ్ళు పెడితే పాత లవణాలు కొంత కడుక్కుపోతాయి. ఆ తర్వాత ప్రతి పంటకూ టబ్బు కుంగినంత మేర కంపోస్టూ ఊకా కలిపి నింపండి. మట్టితో మాత్రం నింపకండి. పైన ఎండుటాకులో గడ్డో రెండంగుళాలు కప్పి ఉంచితే నీటి దెబ్బకు, ఎండకు మట్టి బిగుసుకోదు.

సన్న ఇసుక కలిపి గుల్లచేద్దామని ఎవరైనా చెబితే వినకండి. ఒండ్రులో కొద్దిగా ఇసుక కలిస్తే మరింత బిగుస్తుంది, బరువు కూడా.

మిగిలిన రెండు వంతుల మట్టి పెరట్లోకి దించండి. లెక్క చూస్తే రెండు వందల చదరపు అడుగుల మీద దాదాపు మూడంగుళాల మందం పరుచుకుంటుంది. చెరువు మట్టి, ఎర్రమట్టి, ఇన్నాళ్ళూ వేసిన పేడ అంతా అందులో ఉంది. టబ్బులో ఇరుక్కున్న భాస్వరం అంత నేల మీద పరుచుకుంటే పెద్ద సమస్య కాదు. దించే ముందు మాత్రం పెరటిని ఒకసారి లోతుగా తవ్వించాలి. అడుగు, అడుగున్నర లోతు గడ్డపారతో పెకిలించి ఇటుక, సిమెంటు ముక్కలు ఏరించండి. ఎండిన మట్టి మీద నాలుగు చుక్కల నిమ్మరసం వేసి చూడండి. బుసబుస నురగ వస్తే సున్నం దండిగా ఉన్నట్టు. అలాంటి నేల ఒక్క ఏడాదిలో మారదు. ఏటా పెంట, పచ్చిరొట్ట పడుతూ ఉంటే నెమ్మదిగా దారికి వస్తుంది. తవ్విన చోట అడుగు లోతు గుంత తీసి నీళ్ళు నింపండి, ఇంకాక మళ్ళీ నింపి గంటకు ఎంత దిగిందో చూడండి. అంగుళం పైన దిగితే నేల బాగున్నట్టే. అసలు కదలకపోతే అక్కడ నేల మీద అడుగు ఎత్తున మడి కట్టుకోవడం మంచిది.

తొలకరికి, మృగశిర కార్తె వానలకు, ఆ జాగా అంతా జనుము చల్లండి. వంద గ్రాముల విత్తనం సరిపోతుంది. నెలన్నరకు పూతకు వస్తుండగా కోసి, ముక్కలు చేసి మట్టిలో కలిపేయండి. జనుము వేళ్ళు బిగిసిన నేలను విడదీస్తాయి, రొట్ట కుళ్ళి నేలకు సత్తువ ఇస్తుంది, నులిపురుగును కూడా జనుము పెరగనివ్వదు. కలిపాక రెండు మూడు వారాలు ఆగి చిక్కుడు, వంగ, బీర వేసుకోండి. ఆ రెండు వందల చదరపు అడుగులకు మామూలుగా 50 కిలోల పెంట చాలు. మీది సిమెంటు తిన్న నేల, వంద కిలోలు వేసినా తప్పు లేదు, మక్కిందైతే.

ఇక గుర్తు పెట్టిన ఎనిమిది టబ్బులు. ఏప్రిల్, మే ఎండలు వాటికి మందు. ఆ మట్టిని తడిపి, పారదర్శకమైన పాలిథిన్ సంచుల్లో నాలుగంగుళాల మందం మించకుండా నింపి, మూతి బిగించి ఇంటి ముందు సిమెంటు వాకిట్లో నాలుగు నుంచి ఆరు వారాలు పడుకోబెట్టండి. నల్ల కవరు వద్దు, పారదర్శకమైనదే లోపల బాగా వేడెక్కుతుంది. మధ్యలో ఒకసారి తిప్పండి. టబ్బులను కడిగి ఎండలో బోర్లించండి. దీంతో నులిపురుగు చాలావరకు పోతుంది, పూర్తిగా పోయిందని మాత్రం అనుకోకండి. మేలు చేసే సూక్ష్మజీవులు కూడా కొన్ని చస్తాయి కాబట్టి తర్వాత కంపోస్టు, ఊక పైన చెప్పిన పాళ్ళలోనే కలపండి. ఆ టబ్బుల్లో ఈ వానాకాలం కూరగాయలు వేయకుండా బంతి పెట్టండి. బంతి వేళ్ళు నులిపురుగును అణిచేస్తాయి. జూన్ చివర్లో నారు పోస్తే బతుకమ్మ నాటికి పూలు చేతికొస్తాయి. ఆ తర్వాత ఉల్లి, వెల్లుల్లి వేయండి. బెండ, టమాటా, వంగలను ఏడాది దాకా అటు రానివ్వకండి.

ఇప్పుడు కాపు మీద ఉన్న మొక్కలను పీకాల్సిన పని లేదు. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఇనుమును ఇచ్చే ఫెర్రస్ సల్ఫేటు), ఒక గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) కలిపి సాయంత్రం ఆకుల మీద పిచికారీ చేయండి, వారం తర్వాత మరోసారి. కొత్త ఆకులు పచ్చగా వస్తే మనం అనుకున్నది సరైనదే. అది తాత్కాలిక ఉపశమనం, మట్టి మార్చే పని ఎలాగూ ఉంది.

బరువు విషయంలో మీవారి భయం సరైనదే, దాన్ని పక్కన పెట్టకండి. ఘనపుటడుగు తడిమట్టి 45 కిలోలకు తక్కువ ఉండదు. ఒకటిన్నర అడుగు చదరం, అడుగు లోతు టబ్బు అంటే వంద కిలోలు. నలభై టబ్బులకు 4 టన్నులు. మనుషులు తిరిగే డాబాకు మన దేశంలో వాడే ఐఎస్ 875 ప్రమాణం లెక్కలోకి తీసుకునే అదనపు బరువు చదరపు మీటరుకు 150 కిలోలు. అందుకే టబ్బులు స్లాబు మధ్యలో ఒకచోట గుంపుగా ఉండకూడదు. గోడల మీదుగా, దూలాల మీదుగా వరసలో సర్దాలి. ఎండబెట్టే మట్టిని కూడా డాబా మీద పరచకండి. సంచులు వాకిట్లో పెట్టమని చెప్పింది ఇందుకే. కొత్త మిశ్రమంతో ఒక్కో టబ్బు 60, 65 కిలోలకు దిగుతుంది. ఇల్లు కట్టిన ఇంజనీరుకు ఒకసారి చూపించండి. ఆయన అది కూడా ఎక్కువే అంటే అప్పుడు మీవారు చెప్పిన మట్టి లేని మిశ్రమమే మేలు. ఈ పని మీవారికే అప్పజెప్పండి. ఆయన కంగారు పడుతున్నది కూరగాయల ధర గురించి కాదు, ఇంటి గురించి అని నాకనిపిస్తోంది.

అత్తమ్మ దగ్గరికి వద్దాం. "టబ్బుల్లో పేడ వేయకండి" అని మీరు అంటే ఆమెకు వినిపించేది పేడ సంగతి కాదు. సొంత భూమి, సొంత ఊరు, మనిషి పోయి మీ ఇంటికి వచ్చిన ఆమెకు చేతినిండా మిగిలిన పని ఇదొక్కటే. ఆమెను ఆపకండి, ఆ పని ఇంకోచోటుకు మళ్ళించండి. పెరటి మూల మూడడుగుల చదరంలో పెంటకుప్ప వేయించండి. వారం వారం తెచ్చే పేడ అక్కడ పడాలి. దాని మీద ఎండుటాకులు, కూరగాయల తొక్కలు, పైన పలచగా మట్టి. అప్పుడప్పుడు నీళ్ళు చల్లుతూ నెలకోసారి తిరగేస్తే మూడు నాలుగు నెలల్లో మక్కుతుంది. ఇప్పుడు మొదలుపెడితే వానలు ముదిరే వేళకు ఆమె చేతి ఎరువే టబ్బులకు ఎక్కుతుంది.

మాట కలపాలంటే ఆమెను అడగండి: "అత్తమ్మా, మన చెల్కల పెంట ఎప్పుడు తోలేటోళ్ళు?" ఊళ్ళలో ఎవరూ పచ్చి పెంట తోలరు. ఏడాదంతా కుప్పలో మక్కినదాన్ని ఎండాకాలంలో తోలి, తొలకరికి ముందు దున్నేస్తారు. గొర్ల మంద పెట్టించినా పంట లేనప్పుడే పెట్టిస్తారు. ఈ సంగతులు ఆమెకు మీకన్నా, నాకన్నా బాగా తెలుసు. చెప్పేటప్పుడు తేడా ఆమెకే తోచవచ్చు, తోచకపోవచ్చు. తోచకపోతే వాదించకండి. ఒక టబ్బు బోర్లించి, అడుగున ఉన్న బురదను, నల్లబడ్డ వేళ్ళను ఆమె చేత పట్టించి చూపించండి. మట్టిని చేత్తో పట్టుకుని బతికిన మనిషికి అది చాలు.

పెరటిని మాత్రం నిజంగా ఆమెకు వదిలేయండి. జనుము ఎప్పుడు చల్లాలి, ఎక్కడ బీర పందిరి వేయాలి, ఏ మూల గోంగూర అన్నవి ఆమె చెప్పినట్టే జరగాలి. ఇచ్చినట్టే ఇచ్చి మీరు వెనక నుంచి సర్దుతూ ఉంటే ఆమె కనిపెడుతుంది, అప్పుడు ఇప్పటికన్నా దూరం పెరుగుతుంది. పెరట్లో ఆమె చేసేది మీకు నచ్చకపోయినా ఒక పంటకాలం ఊరుకోగలరా అన్నది మీరు ముందే ఆలోచించుకోండి. ఊరుకోలేనంటే పెరటిని సగం సగం చేసుకోవడమే నయం.

మరో విషయం. ఉత్తరం పొడుగునా ఆయన ఇలా అన్నారు, అత్తమ్మ అలా అన్నారు అని రాశారు. మీకు ఏం పండించాలని ఉందో ఎక్కడా రాయలేదు. డాబా మీద పది టబ్బులు మీవిగా పెట్టుకోండి. మీకిష్టమైనవి వేసుకోండి, వాటిలో ఏం పడినా మిమ్మల్ని అడిగే పడాలని ఇంట్లో ఇద్దరికీ చెప్పండి. ఇది గొంతెమ్మ కోరిక కాదు.

ముప్పై రెండు టబ్బులూ ఒకేసారి తిరగేయకండి. ముందు నాలుగు చేసి చూడండి. నీళ్ళు పోసిన ఒకటి రెండు నిమిషాల్లో అడుగు నుంచి కారడం మొదలై, మరునాడు నడుమ వేలు గుచ్చితే చెమ్మగా తగిలితే మీ పాళ్ళు కుదిరినట్టు. ఇంకా నిలబడుతుంటే ఊక పాలు పెంచండి. నిలవకుండా పోతుంటే కంపోస్టు పెంచండి.

ఇవన్నీ మొదలుపెట్టే ముందు పెరటి మట్టిని పరీక్షకు పంపండి, ఫలితం వచ్చేలోపు తవ్వకం పని సాగుతుంది. ఐదారు చోట్ల జానెడు లోతు గుంట తీసి, పక్కల నుంచి మట్టి గీకి అంతా కలపండి. అందులోంచి అర కిలో నీడన ఆరబెట్టి శుభ్రమైన గుడ్డసంచిలో వేయండి. ఎరువుల బస్తా వాడితే ఫలితం తప్పు వస్తుంది. డాబా మట్టిది వేరే సంచి, రెండూ కలపవద్దు. మామునూరులో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది, అక్కడ అడగండి. కాగితం చేతికొచ్చాక మూడు అంకెలు చూడండి. పీహెచ్ 6.5 నుంచి 7.5 మధ్య ఉంటే హాయి, 8 దాటితే పైన చెప్పిన సున్నం గుణం ఉన్నట్టే. లవణాల గుర్తు అయిన ఈసీ 1 లోపు ఉండాలి. సేంద్రియ కర్బనం 0.5 శాతానికి తగ్గితే తక్కువ, 0.75 దాటితే మంచిది. పెరటి పీహెచ్ 8.5 దాటి వస్తే మాత్రం జనుము చల్లే ముందు ఆ కాగితం అక్కడి శాస్త్రవేత్తలకు చూపించి, ఏ నేల రకమో తేల్చుకుని ముందుకు వెళ్ళండి. కారు చౌడు నేలకు జిప్సం పనిచేస్తుంది. సిమెంటు, సున్నం కలిసిన నేలకు అదే జిప్సం వేసినా పీహెచ్ దిగదు, డబ్బు మాత్రం ఖర్చవుతుంది.